కెనడా కంచం నేర్పిన పాఠాలు

తెనాలి నుంచి ఒంటారియో వచ్చి దశాబ్దాలు దాటింది. నా ఉద్యోగమంతా పాలు, చీజ్ పరీక్షించే ప్రయోగశాలల్లోనే గడిచింది. పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ ఇళ్ళకు వెళ్ళారు, మనవలు బడికి వెళ్తున్నారు. ఇప్పుడు మా ఇంటికి ఎక్కువగా వచ్చేది మన ఊళ్ళ నుంచి చదువుకో, ఉద్యోగానికో కొత్తగా దిగిన పిల్లలే. కంచం ముందు కూర్చోగానే వాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "పెద్దమ్మా, కెనడా వాళ్ళ తిండంటే అసలేంటి? పిజ్జాలూ బర్గర్లూ తప్ప వీళ్ళకంటూ ఏమన్నా ఉందా?"

ఉంది, చాలా ఉంది. అయితే దాన్ని అర్థం చేసుకోవాలంటే రెండు సంగతులు మనసులో పెట్టుకోవాలి. ఒకటి ఇక్కడి చలి. పంట పండే నెలలు తక్కువ, దాచుకుని తినాల్సిన నెలలు ఎక్కువ. రెండోది వలస. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ఇక్కడ దొరికినదానితో సరిపెట్టుకుని వండుకున్నారు. ఇక్కడి వంటకాల్లో చాలావాటి వెనక ఈ రెంటిలో ఒకటైనా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన మన పిల్లలకూ ఎదురయ్యేవి ఈ రెండే కాబట్టి, నేను తెలుసుకున్నవి వరుసగా రాస్తున్నాను.

1. దేశం పేరు చెప్పి అడగొద్దు, ఊరి పేరు చెప్పి అడగండి

ఈ కొస నుంచి ఆ కొసకు ఐదు వేల కిలోమీటర్ల పైమాటే ఉన్న దేశం ఇది. అందరూ ఒకటే తింటారనుకోవడం సరికాదు. తూర్పు చివర న్యూఫౌండ్‌లాండ్‌లో ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేపను, రాయిలాంటి గట్టి రొట్టెను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉడికించి కలుపుకుని తింటారు. అక్కడి ఆదివారం భోజనంలో ఉప్పులో ఊరిన గొడ్డు మాంసం, క్యాబేజీ, టర్నిప్, క్యారెట్ ఒకే కుండలో ఉడుకుతాయి. అదే కుండలో గుడ్డసంచిలో కట్టిన బఠానీ పప్పు కూడా ఉడుకుతుంది. క్యుబెక్‌లో క్రిస్మస్ ముందురోజు రాత్రి టూర్టియేర్ అనే, పిండిపొరలో మాంసం కూరి కాల్చిన 'పై' లేనిదే పండగ గడవదు. మధ్యనున్న మైదాన రాష్ట్రాల్లో పెరోగీలు, సస్కటూన్ పండ్లతో చేసే 'పై' ప్రసిద్ధం. పడమటి తీరంలో సాల్మన్ చేప లేని వంటిల్లు అరుదు.

పక్క టేబుల్ దగ్గర పనిచేసే వ్యక్తిని "కెనడియన్ ఫుడ్ ఏంటి?" అని అడిగితే ఆలోచనలో పడతాడు. "మీ అమ్మమ్మ పండక్కి ఏం వండేది?" అని అడిగి చూడండి. అరగంట ఆగకుండా చెబుతాడు. నేను ఈ దేశాన్ని తెలుసుకున్నది ఎక్కువగా ఆ రెండో ప్రశ్నతోనే.

2. ఈ నేల మొదటివాళ్ళ తిండిని ముందు తెలుసుకోండి

యూరప్ ఓడలు రాకముందే ఇక్కడ వ్యవసాయం ఉంది, వంట ఉంది, నిల్వ చేసే నేర్పు ఉంది. ఒంటారియో సరస్సు ప్రాంతంలో హోడెనోషోనీ ప్రజలు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మడిలో వేసేవాళ్ళు. మొక్కజొన్న కాండం చిక్కుడు తీగకు ఊతమిస్తుంది. చిక్కుడు నేలకు నత్రజని ఇస్తుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమ ఆరిపోకుండా, కలుపు రాకుండా కాపాడతాయి. ఈ మూడింటినీ వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళంటారు. పెద్ద సరస్సుల చుట్టుపక్కల అనిషినాబె ప్రజలు నీటిలో పెరిగే అడవి బియ్యాన్ని పడవలో వెళ్ళి, కర్రలతో తట్టి, పడవలోకి రాల్చుకుంటారు. ఆ పంట ఈనాటికీ సాగుతోంది.

మైదానాల్లో పెమ్మికన్ ఉండేది. ఎండబెట్టిన బైసన్ మాంసాన్ని దంచి, కరిగించిన కొవ్వు పోసి, సస్కటూన్ పండ్లు కలిపి ముద్ద చేసేవాళ్ళు. ఏళ్ళ తరబడి చెడని తిండి అది. బొచ్చు వ్యాపారుల పడవలు ఖండం దాటింది ఈ ముద్దల బలంతోనే. 1814లో రెడ్ రివర్ ప్రాంతపు గవర్నరు పెమ్మికన్‌ను బయటికి తీసుకెళ్ళరాదని ఆజ్ఞ జారీ చేస్తే, ఆ తగువు ముదిరి రెండేళ్ళకు ప్రాణాలు తీసే పోరాటం దాకా పోయింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి బైసన్ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వాటితోపాటు ఆ ప్రజల ఆకలి తీరే దారీ మూసుకుపోయింది. ప్రభుత్వం రేషన్‌గా ఇచ్చిన గోధుమపిండి, కొవ్వు, పంచదారతో వాళ్ళు బ్యానక్ రొట్టె కాల్చుకుని బతికారు.

ఇవాళ వాళ్ళ ఉత్సవాల్లో వేడివేడి బ్యానక్ మీద జామ్ రాసి మన చేతిలో పెడతారు. ఆ రొట్టెలో కష్టకాలపు జ్ఞాపకం ఉంది, దాన్ని దాటి నిలబడ్డ గౌరవమూ ఉంది. తినేటప్పుడు ఆ రెండూ తెలిసి తినాలి.

3. మేపుల్ పాకం దగ్గర ఒకరోజు నిలబడి చూడండి

కొట్లో సీసా కొనుక్కుంటే మేపుల్ సిరప్ ధర ఎక్కువనిపిస్తుంది. మార్చి నెలలో ఒకసారి పాకం కాసే పాకకు వెళ్ళి చూస్తే ఆ మాట మళ్ళీ నోటికి రాదు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ ఉన్న కొద్ది వారాల్లోనే చెట్టులో రసం కదులుతుంది. చెట్టు చేవదేరి గాటు తట్టుకునే లావు రావడానికి నలభై ఏళ్ళ దాకా పడుతుంది. మాను మీద చిన్న రంధ్రం చేసి గొట్టం బిగిస్తారు. కారే రసం చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటుంది, తీపి నూటికి రెండు పాళ్ళే. అలాంటి రసం నలభై లీటర్లు మరిగిస్తే ఒక లీటరు సిరప్ మిగులుతుంది.

అనకాపల్లి వైపు బెల్లం వండే చోట నిలబడ్డవాళ్ళకు ఇక్కడి పని కొత్తగా అనిపించదు. వెడల్పాటి పళ్ళాల కింద కట్టెలు మండుతుంటాయి. తియ్యటి ఆవిరి పాకంతా నిండి కళ్ళద్దాల మీద పేరుకుంటుంది. కాసే మనిషి గరిటె ముంచి పైకెత్తి అంచు చూస్తాడు. చుక్కలుగా రాలితే ఇంకా లేత. చుక్కలన్నీ కలిసి పొరలా జారితే సిరప్ అయినట్టు. నీళ్ళు మరిగే వేడికన్నా నాలుగు డిగ్రీలు పైన ఆపుతారు. కొంత పాకాన్ని అక్కడ ఆపకుండా మరికాస్త ముదరనిచ్చి, బయట శుభ్రమైన మంచు నింపిన తొట్టిలో సన్నటి ధారగా పోస్తారు. మంచు తగలగానే అది బిగిసి సాగుతుంది. పుల్లకు చుట్టుకుని అక్కడే తినాలి. మా మనవలు ఏడాదంతా ఎదురుచూసేది ఈ పుల్ల కోసమే.

ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో నూటికి డెబ్భై పాళ్ళు పైగా కెనడాది. అందులో తొంభై పాళ్ళ దాకా ఒక్క క్యుబెక్‌ది. ఏ ఏడు ఎలా కారుతుందో చెప్పలేం కాబట్టి ఉత్పత్తిదారులు గోదాముల్లో నిల్వ ఉంచుతారు. ఈ విద్య కూడా యూరప్ వాళ్ళకు నేర్పింది ఇక్కడి మొదటివాళ్ళే. సీసా కొనేటప్పుడు చీటీ మీద స్వచ్ఛమైన మేపుల్ సిరప్ అని ఉందో లేదో చూడండి. పాన్‌కేక్ సిరప్ పేరుతో అమ్మేవి చాలావరకు మొక్కజొన్న పానకానికి రంగూ వాసనా కలిపినవి.

4. పూటీన్‌ను దాని సొంత ఊళ్ళో, తాజాగా తినండి

వేయించిన బంగాళాదుంప ముక్కలు, వాటి మీద తాజా చీజ్ ముక్కలు, పైన వేడి గ్రేవీ. పూటీన్ అంటే ఇంతే. 1950ల్లో క్యుబెక్ పల్లెల్లో పుట్టింది. మాదంటే మాదని వాదించుకునే ఊళ్ళు కొన్ని ఉన్నాయి. వార్విక్ వాళ్ళు 1957లో ఫెర్నాండ్ లాషాన్స్ భోజనశాలలో పుట్టిందంటారు. డ్రమ్మండ్‌విల్ వాళ్ళు 1964లో జాన్ పాల్ రోయ్ దాన్ని ఇప్పటి రూపంలో మొదట అమ్మాడంటారు. చాలాకాలం పట్నం వాళ్ళు దీన్ని మోటు తిండిగా చూశారు. ఇప్పుడు దేశాధినేతల విందుల గురించి రాసే పత్రికలు కూడా దీని గురించి రాస్తాయి.

చీజ్‌తోనే నా పని కాబట్టి ఒక సంగతి చెబుతాను. పూటీన్‌కు ప్రాణం ఆ చీజ్ ముక్కలే. పాలు విరిచి, నీరు తీసేసి, ముద్దగా నొక్కి ముదరబెట్టకముందే తీసిన ముక్కలవి. ఆ రోజు చేసినవైతే పంటికింద కిచకిచమని చప్పుడు చేస్తాయి. పాలలోని ప్రోటీన్, సున్నం కలిసి గట్టి వలలా అల్లుకుని ఉంటాయి. పన్ను ఆ వల మీద రాసుకున్నప్పుడు వచ్చే శబ్దం అది. రోజు గడిచేకొద్దీ ఆ అల్లిక సడలుతుంది, శబ్దం పోతుంది. అందుకే క్యుబెక్ పల్లెల్లో చేసిన రోజున ఫ్రిజ్‌లో పెట్టకుండా గల్లా పక్కనే సంచుల్లో పెట్టి అమ్ముతారు. చీజ్ చేసే ఊరికి దగ్గరగా పుట్టిన వంటకం కాబట్టే అంత రుచి. దూరానికి తెచ్చి, ఇంకేదో చీజ్ తురిమి పోస్తే పేరు మిగులుతుంది, రుచి మిగలదు. మాంట్రియల్ వైపు వెళ్ళినప్పుడు దారిలో చీజ్ కేంద్రం కనిపిస్తే కారాపండి. పొద్దున చేసిన ముక్కలు గుప్పెడు నోట్లో వేసుకుంటే నేను చెప్పింది మీకే తెలుస్తుంది.

5. వలస వచ్చినవాళ్ళ చేతి వంటే ఈ దేశం వంట

మాంట్రియల్ పేరు చెబితే గుర్తొచ్చే బేగెల్‌ను, స్మోక్డ్ మీట్‌ను తెచ్చింది తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు. స్మోక్డ్ మీట్ అమ్మే ష్వార్ట్స్ దుకాణం 1928 నుంచి ఉంది. సెయింట్ వియాటూర్ వీధి బేగెల్ బట్టీ 1957లో మొదలైంది. పిండిని చేత్తో చుట్టి, తేనె కలిపిన నీళ్ళలో ఉడికించి, నువ్వులు అద్ది, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పొడవాటి చెక్క తెడ్డు మీద వరుసగా బయటికి వచ్చే ఆ బేగెళ్ళను కాగితం సంచిలో వేసుకుని వీధిలోనే తినడం అక్కడి అలవాటు.

1891 నుంచి వచ్చిన యుక్రెయిన్ రైతులు మైదానాలకు పెరోగీలు తెచ్చారు. బంగాళాదుంప, చీజ్ కూరి ఉడికించి, ఉల్లిపాయలతో వేయించుకుంటారు. 1962లో ఒంటారియోలోని చాటమ్ పట్నంలో సామ్ పనోపులోస్ అనే గ్రీకు వలసదారు పిజ్జా మీద డబ్బా అనాసముక్కలు వేసి చూశాడు. ప్రపంచమంతా వాదించుకునే హవాయి పిజ్జా అలా కెనడాలో పుట్టింది. 1970ల్లో కాల్గరీలోని చైనీస్ భోజనశాలలో, స్థానికుల నోటికి తగ్గట్టు కరకరలాడే తియ్యటి జింజర్ బీఫ్ తయారైంది. అదే కాలంలో హాలిఫాక్స్‌లో మరో గ్రీకు వలసదారు రొట్టెలో మాంసం చుట్టిన డోనెయిర్ అమ్మాడు. గొర్రె మాంసం బదులు గొడ్డు మాంసం, పెరుగు బదులు డబ్బా పాలు, వెనిగర్, పంచదార, వెల్లుల్లి కలిపిన తియ్యటి సాస్. 2015లో ఆ నగరం దాన్ని తన అధికారిక వంటకంగా ప్రకటించింది.

వీళ్ళెవరూ ఈ దేశానికి వంటకం ఇవ్వాలని వచ్చినవాళ్ళు కారు. బతకడానికి వచ్చారు. తమ వంట మానలేదు, పక్కవాడి నోటికి నచ్చేలా మార్చుకోవడానికీ వెనకాడలేదు. మన వంట పదిమందికి పెట్టాలనుకునే తెలుగువాళ్ళు నేర్చుకోవాల్సింది ఇదే.

6. వంట కొలతలు రాసి పెట్టండి

కెనడా మిఠాయిల్లో నాకు ఇష్టమైనవి రెండు. ఒంటారియో బటర్ టార్ట్ ఒకటి. కరకరలాడే చిన్న గిన్నెలాంటి పొరలో వెన్న, పంచదార, గుడ్డు కలిపిన పాకం. అది గట్టిగా ఉండాలా జారుతుండాలా, ఎండుద్రాక్ష వేయాలా వద్దా అని ఇళ్ళలో నేటికీ వాదనలే. రెండోది పడమటి తీరంలోని నానైమో బార్. అడుగున బిస్కెట్ పొడి, కోకో, కొబ్బరి. మధ్యలో కస్టర్డ్ పౌడర్ కలిపిన వెన్న. పైన చాక్లెట్. ఓవెన్‌లో కాల్చే పని లేదు. మన పిల్లలు ఇంట్లో మొదట ప్రయత్నించదగిన తీపి ఇదే.

ఈ రెండింటి చరిత్ర వెతికితే ఒకేలాంటి చోటికి చేరతాం. బటర్ టార్ట్ తొలి అచ్చు ప్రతి 1900లో బ్యారీ పట్నం ఆసుపత్రి మహిళా సహాయక సంఘం వేసిన వంటల పుస్తకంలో ఉంది. నానైమో బార్‌కు మూలమైన వంటకాలు 1952లో నానైమో ఆసుపత్రి మహిళా సంఘం పుస్తకంలో ఉన్నాయి. ఆసుపత్రికి చందాలు పోగుచేయడానికి ఊరి ఆడవాళ్ళు తమ ఇంటి వంటలు రాసి, అచ్చేసి అమ్మారు. ఆ పని చేయకపోతే ఈ మిఠాయిలు ఎక్కడివో చెప్పే ఆధారమే ఉండేది కాదు.

మన ఇళ్ళలో గోంగూర పచ్చడికి, సున్నుండలకు కొలత అమ్మ చేతిలోనే ఉంటుంది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, గుప్పెడంటే ఎన్ని గ్రాములో తూకం వేసి రాసుకోండి. పరదేశంలో పుట్టిన పిల్లలకు ఆ కాగితం ఆస్తి.

7. మన పప్పు డబ్బాలో కెనడా ఉంది

విజయవాడలోనో వరంగల్లోనో మైసూరు పప్పు కొనే అమ్మకు తెలియకపోవచ్చు గానీ, అది సస్కాచువాన్ పొలంలో పండినది కావచ్చు. ప్రపంచంలో మైసూరు పప్పు జాతి గింజల్ని అందరికన్నా ఎక్కువ ఎగుమతి చేసేది కెనడా. అందులో పెద్ద వాటా సస్కాచువాన్‌ది. అక్కడ మొదటి నుంచీ గోధుమే పంట. 1970ల్లో సస్కాచువాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చలికి, పొడి నేలకు తగిన పప్పు రకాలు తయారుచేశారు. ఏడాది విడిచి ఏడాది పొలాన్ని ఖాళీగా వదిలే రైతులు ఆ చోట పప్పు వేశారు. నేలకు నత్రజని దక్కింది, చేతికి డబ్బు దక్కింది. పసుపు బఠానీ కూడా అంతే. మన దేశంలో చాట్ బండ్ల మీద ఉడికేది, శనగపిండి పేరుతో కొన్నిచోట్ల కలిసిపోయేది అదే. 2017 నవంబరులో భారత ప్రభుత్వం బఠానీ మీద 50 శాతం దిగుమతి సుంకం వేసినప్పుడు సస్కాచువాన్ రైతుల ఇళ్ళలో దిగులు పడింది. మన రైతుకు ధర రావాలన్న ఆలోచన అటు, అమ్ముడుపోని గింజ ఇటు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు రెండు ఖండాల రైతుల్ని ఎలా కలుపుతుందో అప్పుడు దగ్గరగా చూశాను.

మనకూ ఇక్కడి గోధుమకూ ఇంకా పాత బంధం ఉంది. కెనడా మైదానాల్ని ప్రపంచ ధాన్యాగారం చేసిన మార్క్విస్ గోధుమను ఒట్టావా ప్రయోగ క్షేత్రంలో చార్లెస్ సాండర్స్ ఎంపిక చేసి పెంచాడు. 1909లో అది రైతులకు అందింది. రెడ్ ఫైఫ్ రకానికి భారతదేశం నుంచి తెచ్చిన హార్డ్ రెడ్ కలకత్తా రకాన్ని సంకరం చేయగా పుట్టిన గోధుమ అది. త్వరగా పండి, మంచు పడేలోగా కోతకొచ్చే గుణమే దాని బలం. ఇక్కడి రొట్టె తినేటప్పుడు పరాయి రొట్టె అనుకోవాల్సిన పనిలేదు.

8. ఏ నెలలో దొరికేది ఆ నెలలో తినండి

సూపర్ మార్కెట్లో పన్నెండు నెలలూ అన్నీ ఉంటాయి. అయినా ఇక్కడి రుచి తెలియాలంటే ఋతువును పట్టుకోవాలి. మే నెలలో తూర్పు రాష్ట్రాల్లో ఫిడిల్‌హెడ్స్ వస్తాయి. ఇంకా విచ్చుకోని ఫెర్న్ మొగ్గలవి, చుట్టలు చుట్టుకుని ఉంటాయి. పచ్చివి తింటే జబ్బు చేస్తుంది. బాగా కడిగి, మరిగే నీళ్ళలో 15 నిమిషాలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వేయించుకోవాలని ఇక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. మన ఆవపెట్టిన కూరకు అవి చక్కగా ఒదుగుతాయి.

జూన్‌లో స్ట్రాబెర్రీ, జూలై ఆగస్టుల్లో సస్కటూన్ పండ్లు, అడవి బ్లూబెర్రీలు, ఆగస్టులో ఒంటారియో మొక్కజొన్న. కంకి కోసిన పూటే ఉడికించి తినాలి, ఆలస్యమైతే తీపి పిండిగా మారిపోతుంది. అక్టోబరు రెండో సోమవారం థ్యాంక్స్‌గివింగ్, గుమ్మడికాయ పై. డిసెంబరులో టూర్టియేర్. ఆ తర్వాత చలి ముదిరాక క్యుబెక్ పసుపు బఠానీ సూప్. వారాంతంలో రైతుబజారుకు పిల్లల్ని తీసుకెళ్ళి, పండించినవాళ్ళ చేతినుంచే కొనండి.

9. సముద్రం కూడా ఖాళీ అవుతుంది

న్యూఫౌండ్‌లాండ్‌లో చేప అంటే కాడ్ అనే అర్థం. ఐదు శతాబ్దాలు ఆ చేప మీదే ఆ తీరం బతికింది. పెద్ద పెద్ద ట్రాలర్లు వచ్చి అడుగంటా ఊడ్చేశాక మందలు పడిపోయాయి. 1992 జూలైలో ప్రభుత్వం ఉత్తర కాడ్ వేటను ఆపేసింది. సుమారు 30,000 మంది ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు. ఊళ్ళకు ఊళ్ళు పిల్లల్ని పట్నాలకు పంపుకున్నాయి. రెండేళ్ళని చెప్పిన నిషేధం మూడు దశాబ్దాలు సాగింది. 2024లో గానీ ఎత్తేయలేదు, ఇప్పటికీ పరిమితంగానే పడుతున్నారు.

నేను చేప తింటాను, ఇష్టంగా తింటాను. కొనేముందు ఏ సముద్రంలో, ఎలా పట్టిందో అడుగుతాను. కోనసీమ నుంచి శ్రీకాకుళం దాకా చేపలు తినే ఇళ్ళ పిల్లలు ఈ చరిత్ర తెలుసుకోవాలి. బంగాళాఖాతానికీ అడుగు ఉంది.

10. మొహమాటపడకుండా అడిగి తినండి

శాకాహారులకు ఇది ముఖ్యం. మా ఆయన మాంసం ముట్టరు. పూటీన్ మీద పోసే గ్రేవీ సాధారణంగా కోడి లేదా గొడ్డు ఎముకల రసంతో చేస్తారు. క్యుబెక్ బఠానీ సూప్‌లో పందిమాంసం ఉడికిస్తారు. మేపుల్ వేసి వండే చిక్కుడు గింజల్లోనూ పంది కొవ్వు ఉండొచ్చు. 'పై'ల పిండిపొరల్లో వెన్న బదులు పంది కొవ్వు వాడేవాళ్ళున్నారు. బటర్ టార్ట్‌లో, నానైమో బార్‌లో గుడ్డు ఉంటుంది. కొన్ని చీజ్‌లలో దూడ పొట్ట నుంచి తీసిన ఎంజైమ్ వాడతారు, మరికొన్నింటిలో సూక్ష్మజీవులతో చేసినది వాడతారు. చీటీ చదవండి, వడ్డించేవాళ్ళను అడగండి. ఇక్కడ అడిగితే ఎవరూ నొచ్చుకోరు, తెలియకపోతే లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి చెబుతారు. పూటీన్‌కు పుట్టగొడుగుల గ్రేవీ పోసే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి.

ఆరోగ్యం మాటా చెప్పాలి. విద్యార్థులు డబ్బు మిగుల్చుకోవడానికి పెట్టెలో వచ్చే మాకరోనీ చీజ్‌తో, వేపుళ్ళతో నెలలు గడిపేస్తారు. 2019లో ప్రభుత్వం ఇచ్చిన ఆహార సూచిక ప్రకారం కంచంలో సగం కూరగాయలు, పళ్ళు ఉండాలి. పావు వంతు పప్పులాంటి ప్రోటీన్, పావు వంతు ముడి ధాన్యం, తాగడానికి నీళ్ళు. ఆకుకూర పప్పు ఒక కుక్కర్ వండుకుంటే ఈ లెక్క దాదాపు కుదిరిపోతుంది. పూటీన్, టార్ట్ పండగ పూట తినేవి, రోజూ తినేవి కావు.

11. కాఫీ దుకాణంలో మనిషిని పలకరించండి

1964లో ఒంటారియోలోని హామిల్టన్‌లో హాకీ ఆటగాడు టిమ్ హార్టన్ పేరుతో ఒక డోనట్ దుకాణం మొదలైంది. ఇప్పుడు ఆ పేరు లేని ఊరు దాదాపు లేదు. రెండు వంతుల మీగడ, రెండు వంతుల చక్కెర వేసిన కాఫీని డబుల్ డబుల్ అంటారు. 2004లో కెనడా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఆ మాటకు చోటు దొరికింది. కాఫీ రుచి గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాకు విలువైనది ఆ బల్ల. బయట మైనస్ ఇరవై ఉన్నప్పుడు ఒక కప్పు ధరకు వెచ్చగా కూర్చోవచ్చు. పొద్దున్నే రిటైరైనవాళ్ళు గుంపుగా చేరి కబుర్లాడతారు. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు, బండ్లు నడిపేవాళ్ళు, బడి పిల్లలు అందరూ అక్కడే. మన ఊళ్ళ నుంచి పిల్లల దగ్గరికి వచ్చి చలికాలమంతా నాలుగు గోడల మధ్య ఉండిపోయే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. రోజూ ఒక పూట అక్కడిదాకా నడవండి. ఇంగ్లీషు తక్కువని వెనక్కి తగ్గకండి. రెండో వారానికి ఎవరో ఒకరు కుర్చీ జరిపి పిలుస్తారు.

12. మన వంటను దాచుకోకండి, వాళ్ళ వంటను తోసేయకండి

ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లలకు రెండు నాలుకలు అక్కర్లేదు, ఒక నాలుకకు రెండు రుచులు చాలు. బడికి పులిహోర పట్టుకెళ్ళడానికి సిగ్గుపడకూడదు, పక్కింటివాళ్ళు పెట్టిన టార్ట్‌కు ముఖం తిప్పుకోకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళు "వీళ్ళ తిండి తిండేనా" అంటే పిల్లలు వాళ్ళ స్నేహితుల ముందు మన తిండిని కూడా అలాగే తీసిపారేయడం నేర్చుకుంటారు. ఒకరి కంచాన్ని చులకన చేయని ఇంట్లో పెరిగిన పిల్లలు ఎవరింట్లోనైనా గౌరవంగా కూర్చోగలుగుతారు. ఇది నా పిల్లల్లోనూ, మనవల్లోనూ చూశాను.

కొత్తగా వచ్చిన పిల్లల్ని నేను కోరేది ఎక్కువేం కాదు. ఈ ఏడాది నాలుగు ఋతువుల్లో నాలుగు ఇక్కడి వంటలు తినండి, వాటి పుట్టుక కనుక్కోండి. ఒక పాకం పాకకు, ఒక రైతుబజారుకు వెళ్ళండి. అక్టోబరు రెండో సోమవారం ఎవరైనా భోజనానికి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. సంక్రాంతికి వాళ్ళను మీ ఇంటికి పిలిచి అరిసెలు పెట్టండి, ఎలా చేశారో చెప్పండి. ఈ దేశం వంట పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నారు. అందులో మన పుట మనమే రాయాలి.